కొత్త ఆయిల్ ఫిల్టర్ కొనేముందు మధ్య రంధ్రంలోకి చూడండి: ఏ రకం ఎవరికి సరిపోతుంది

పోయిన ఏడాది సంక్రాంతికి ఊరెళ్లేముందు కారుకి ఆయిల్ మారుద్దామని కొత్త ఫిల్టర్ తెచ్చుకున్నాను. పెట్టె విప్పి, అలవాటుగా ఫోన్ టార్చి వేసి మధ్య రంధ్రంలోకి చూస్తే థ్రెడ్ (మర) మూడో చుట్టు దగ్గర ఏదో తళుక్కుమంది. పట్టకారుతో మెల్లగా లాగాను. బియ్యపుగింజంత పొడవున్న ఇనుప సుడి. చివర సూదిలా ఉంది, వేలికి గుచ్చుకుంది కూడా. ఇంకో రెండు చుట్లు కిందికి చూస్తే అలాంటిదే ఇంకొకటి, ఈసారి థ్రెడ్‌కి సగం అతుక్కుని సగం వేలాడుతోంది. గట్టిగా ఆయిల్ తగిలితే ఊడిపోయే స్థితిలో ఉంది. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒక్క ముక్క చూసి ఒక కంపెనీ మొత్తాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఆ ఫిల్టర్ నా ఇంజనుకి బిగించలేదు, షాపుకి తిరిగి ఇచ్చేశాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో తొమ్మిదేళ్లు డ్రిల్లింగ్, ట్యాపింగ్ పని చేశాను. ఫిల్టర్లు కాదు, పంపు ఫ్లాంజిలు. అయినా పని ఒకటే. మందపాటి రేకులో రంధ్రం చేసి, అందులో ట్యాప్ అనే మర కోసే పనిముట్టు దింపి థ్రెడ్ తీయాలి. ట్యాప్ వెనక్కి తిప్పేటప్పుడు చివరి చుట్టులో ఇనుప పొట్టు పూర్తిగా తెగకుండా వేలాడుతుంది. దాన్ని బర్రు అంటాం. బర్రు కొట్టాలి, బ్రష్షు తిప్పాలి, కడగాలి, ఆరబెట్టాలి. ఈ నాలుగూ చేసినా చేయకపోయినా ముక్క చూడ్డానికి ఒకేలా ఉంటుంది, బోల్టూ ఒకేలా ఎక్కుతుంది. అందుకే ఖర్చు తగ్గించుకోవాలనుకున్న చోట మొదట ఎగిరిపోయేది ఈ కడిగే పనే. ఫిల్టర్ తయారీలోనూ అంతే. పైన రంగు, పెట్టె మీద బొమ్మ, హోలోగ్రాం, ఇవన్నీ కళ్లకి కనిపిస్తాయి కాబట్టి వాటిని ఎవరైనా బాగా చేస్తారు. లోపలి శుభ్రత మాత్రం కొనేవాళ్లు చూడరని తెలిసినా చేసేవాళ్లే చేస్తారు.

మధ్య రంధ్రం గురించే ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. స్పిన్-ఆన్ ఫిల్టర్‌ని, అంటే డబ్బాలా ఉండి తిప్పి బిగించేదాన్ని, తలకిందులు చేసి చూడండి. అంచున రబ్బరు వాషర్, దాని లోపల గుండ్రంగా ఆరో ఎనిమిదో చిన్న రంధ్రాలు, నడుమ థ్రెడ్ ఉన్న పెద్ద రంధ్రం. ఇంజన్ అడుగున ఉండే చాంబర్‌లోని ఆయిల్‌ని పంపు లాగి ఆ చిన్న రంధ్రాల్లోకి తోస్తుంది. అది కాగితం మడతల బయటివైపు నుంచి లోపలికి వడకట్టుకుని, నడిమి గొట్టంలోకి చేరి, పెద్ద రంధ్రంలోంచి ఇంజన్ మెయిన్ గ్యాలరీకి, అంటే ఆయిల్‌ని అన్ని భాగాలకీ పంచే ప్రధాన దారికి పోతుంది. అక్కణ్ణించి నేరుగా క్రాంక్ మెటల్స్‌కి (మెటల్స్ అంటే బేరింగులు), బిగెండ్ మెటల్స్‌కి, క్యామ్‌కి, టర్బో ఉంటే దాని షాఫ్టుకి. కాబట్టి కొత్త ఫిల్టర్‌లో చెత్త ఎక్కడుందన్నదే అసలు లెక్క. చిన్న రంధ్రాల వైపు నాలుగు దుమ్ము కణాలు ఉంటే కాగితం పట్టేస్తుంది, భయం లేదు. నడిమి గొట్టంలో గానీ, పెద్ద రంధ్రం థ్రెడ్‌లో గానీ ఉంటే దాన్ని ఆపేది ఇంకేమీ లేదు. ఆ ఇనుప రజను మొదటి స్టార్టుకే మెటల్స్‌లోకి చేరుతుంది.

ఎంత చిన్న ముక్క ప్రమాదం అంటే, మనిషి వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు కంటికి 40 మైక్రాన్ల కంటే చిన్నది విడిగా కనిపించడం కష్టం. క్రాంక్‌కీ మెటల్‌కీ మధ్య లోడు పడినప్పుడు మిగిలే ఆయిల్ పొర మాత్రం కొన్ని మైక్రాన్లే. అంటే మన కంటికి కనిపించేంత రజను ఉందంటే ఆ పొరకి అది బండరాయితో సమానం. కనిపించినదాని వెనక కనిపించనిది ఇంకెంత ఉందో కూడా ఆలోచించాలి. కడగని ప్లేటులో ఒక పెద్ద సుడి దొరికితే, దాని చుట్టూ పొడి కూడా ఉందనే అర్థం.

అందువల్ల నేను ఫిల్టర్లని పోల్చేటప్పుడు ముందు చూసేది పెద్ద రంధ్రం వైపు శుభ్రత. ఆ తర్వాత రబ్బరు వాల్వు, ఆ తర్వాత బైపాస్. మైక్రాన్లు, బ్రాండు, ధర వాటి తర్వాతే.

ఇంట్లో చేసిన పరీక్ష

ఆ ఇనుప సుడి దొరికాక మనసు ఊరుకోలేదు. ఒకే కారుకి సరిపోయే కొత్త ఫిల్టర్లు మూడు కొన్నాను: ఒకటి కారు కంపెనీ పేరుతో షోరూం కౌంటర్‌లో, ఒకటి పేరున్న ఫిల్టర్ కంపెనీది సీలు పెట్టెలో, మూడోది పెట్టె లేకుండా పాలిథీన్ కవర్లో చుట్టి అమ్మే రకం. పెయింట్ షాపులో టర్పెంటాయిల్ తెచ్చి, ముందు దాన్నే తెల్లటి కాఫీ ఫిల్టర్ పేపర్‌లో రెండుసార్లు వడకట్టాను. వడకట్టింది మూడోసారి కొత్త పేపర్‌లో పోసి పేపర్ మీద మచ్చ లేదని చూసుకున్నాను. ఇది చేయకపోతే తర్వాత కనిపించే చెత్త ఫిల్టర్‌దో టర్పెంటాయిల్‌దో తెలియదు. అప్పుడు ఒక్కో ఫిల్టర్ పెద్ద రంధ్రంలో సగం గ్లాసు పోసి, బొటనవేలికి శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చుట్టి మూసి, పదిసార్లు కుదిపి, అదే రంధ్రంలోంచి కొత్త పేపర్ మీదికి వంచాను.

షోరూం ఫిల్టర్ కింద పేపర్ మీద రెండు మూడు సన్నని పోగులు, కాగితం నూగు. భూతద్దంలో చూసినా లోహం కనిపించలేదు. పేరున్న కంపెనీది కూడా దాదాపు అంతే, ఒక్క నల్లటి రబ్బరు తునక అదనం. మూడోదాని కింద పేపర్ బూడిద రంగుకి తిరిగింది. అయస్కాంతం పేపర్ కింద పెట్టి కదిపితే ఆ బూడిదలో సగం వెంట కదిలింది. దాంతోపాటు అంటుజిగురు ఎండిపోయిన ముక్కలు నాలుగు, డబ్బా రంగు పొలుసులు రెండు. ఆ పేపర్ ఆరబెట్టి ఇప్పటికీ దాచిపెట్టాను. ఎవరైనా "అన్నా, ఏ ఫిల్టరైతే ఏముంది" అంటే అది తీసి చూపిస్తాను.

పెద్ద కంపెనీల ల్యాబుల్లో జరిగేదీ ఇదే పద్ధతి, కాకపోతే లెక్కతో. విడిభాగాన్ని శుభ్రమైన ద్రవంతో కడిగి, ఆ ద్రవాన్ని సన్నని పొరలో వడకట్టి, పొరని ముందూ వెనకా తూచి చెత్త ఎన్ని మిల్లీగ్రాములో చూస్తారు. మైక్రోస్కోపు కింద అన్నిటికంటే పెద్ద ముక్క ఎన్ని మైక్రాన్లో, అది లోహమా కాదా చూస్తారు. దీనికి 2007లో వచ్చి 2018లో సవరించిన ఐఎస్ఓ 16232 అనే ప్రమాణం ఉంది, జర్మన్ కార్ల పరిశ్రమ వాడే వీడీఏ 19 ఉంది. కారు కంపెనీ తన విడిభాగానికి ఇన్ని మిల్లీగ్రాములు మించకూడదని డ్రాయింగ్ మీదే రాస్తే సప్లయర్‌కి కడగక తప్పదు. ఒరిజినల్‌కి ఎక్కువ డబ్బు పెట్టడంలో నాకు కనిపించే న్యాయం ఇక్కడే ఉంది. పెట్టె మీద పేరుకి కాదు, ఆ డ్రాయింగ్ మీద గీతకి మనం డబ్బు కడుతున్నాం.

ఒక హెచ్చరిక. టర్పెంటాయిల్ పోసి పరీక్షించిన ఫిల్టర్‌ని మళ్లీ కారుకి బిగించకండి. కాగితంలో అది మిగిలిపోతుంది. నేను ఆ మూడూ తర్వాత కోసి చూడ్డానికి వాడాను.

కోసి చూస్తే

కోయడానికి హాక్సా వాడొద్దు. హాక్సా పొట్టే లోపల పడి, ఏది ఫిల్టర్‌దో ఏది రంపానిదో తెలియకుండా పోతుంది. పైపు కట్టర్ లాంటి ఫిల్టర్ కట్టర్ ఉంటుంది, చుట్టూ తిప్పితే డబ్బా మూతలా ఊడుతుంది.

మంచి ఫిల్టర్‌లో కాగితం మడతలు చీర కుచ్చిళ్లలా సమానంగా నిలబడి ఉంటాయి. మడతకీ మడతకీ సందు ఒకేలా ఉంటుంది, రెండు కొసలూ కలిసే చోట క్లిప్పు గానీ జిగురు గానీ పై నుంచి కింద దాకా తెగకుండా ఉంటుంది. చవక దాంట్లో ఒకవైపు మడతలు ఒత్తుగా, ఇంకోవైపు వేలు దూరేంత ఖాళీగా కనిపించాయి. పై మూతకీ మడతలకీ మధ్య జిగురు ఒకచోట అసలు అంటలేదు. ఆ సందులోంచి ఆయిల్ వడకట్టకుండానే పోతుంది. అప్పుడు కాగితం ఎంత మంచిదైనా ఏం లాభం? జల్లెడ పక్కన చిల్లు పడితే పిండి ఎలా ఉంటుందో ఆయిలూ అలాగే ఉంటుంది.

మడతల పై మూతలు ఇనుపరేకువా, గట్టి అట్టవా అని చాలామంది తగువు పడతారు. నా మటుకు నాకు అది రెండో విషయం. అట్ట మూత సరిగ్గా అంటితే పని చేస్తుంది, ఇనుప మూత సరిగ్గా అంటకపోతే చేయదు. అంటిందా లేదా అన్నదే చూడాలి.

షాపులో కోసి చూడలేం కదా. అక్కడ చేయగలిగినవి మూడు. టార్చి వేసి థ్రెడ్ చుట్లన్నీ చూడాలి, నడిమి గొట్టం అడుగుదాకా చూడాలి. మెరిసేది, వేలాడేది, జిగురు చుక్క, తుప్పు మచ్చ ఏది కనిపించినా వద్దు. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపాలి, లోపల ఏదైనా కదిలి టకటకమంటే స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదని అర్థం. రబ్బరు వాషర్ గాడిలో చుట్టూ ఒకే ఎత్తులో ఉందా, దాని మీద రంగు పడిందా చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఎప్పటిదో స్టాకు అంటగడితే ప్లేటు మీద తుప్పు మొదలై ఉంటుంది. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం తప్పనిసరిగా ఉండాలి, అది చదివే తీసుకోండి.

షాపులో ఏదైనా పొట్టు కనిపిస్తే, "గాలి కొట్టి ఇస్తాను సార్" అని కంప్రెసర్ తీస్తారు. వద్దని చెప్పండి. ఆ గాలి పొట్టుని బయటికి కాదు, నడిమి గొట్టంలోకి తోస్తుంది. పైగా ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపర, పాత ఆయిల్ ఆవిరి కలిసి వస్తాయి. పొట్టు ఉన్న ఫిల్టర్‌కి మందు ఒక్కటే, వేరేది తీసుకోవడం.

రబ్బరు వాల్వు, బైపాస్

చిన్న రంధ్రాల్లోంచి లోపలికి చూస్తే రబ్బరు పొర కనిపిస్తుంది. అదే యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వు. ఇంజన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి చాంబర్‌లోకి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇది వదులైతే పొద్దున్నే మొదటి స్టార్టుకి ఆయిల్ లైటు ఒకటి రెండు సెకన్లు ఎక్కువ వెలుగుతుంది, పైనుంచి టకటక శబ్దం వస్తుంది. ఫిల్టర్‌ని అడ్డంగా గానీ, నోరు కిందికి గానీ పెట్టి బిగించే ఇంజన్లలో ఇది మరీ ముఖ్యం. ఈ పొర నల్లగా ఉంటే సాధారణంగా నైట్రైల్ రబ్బరు, నారింజ గానీ ఎరుపు గానీ ఉంటే సాధారణంగా సిలికోన్. నైట్రైల్ వేడికి రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, సిలికోన్ మెత్తగానే ఉంటుంది. 5,000 కిలోమీటర్లకి మార్చేవాళ్లకి నైట్రైల్ చాలు. 10,000 దాకా లాగేవాళ్లకి, ఏప్రిల్, మే ఎండల్లో రోజూ ట్రాఫిక్‌లో నలిగే కార్లకి సిలికోన్ ఉన్నది దొరికితే అదే తీసుకోమంటాను.

బైపాస్ వాల్వు ఇంకో రకం. ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడో, కాగితం మూసుకుపోయినప్పుడో ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని వడకట్టని ఆయిల్‌ని ఇంజనుకి పంపుతుంది. మురికి ఆయిల్ అయినా అసలు ఆయిల్ లేకపోవడం కంటే మేలు కదా. ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజన్‌ని బట్టి ఉంటుంది. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వు బ్లాకులోనే ఉంటుంది, ఫిల్టర్‌లో ఉండదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మారుతి, హ్యుందాయ్, హోండా పెట్రోలు కార్లలో చాలావాటికి థ్రెడ్ ఎం20 × 1.5 (వ్యాసం 20 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ దూరం 1.5). అంటే ఒకదాని ఫిల్టర్ ఇంకోదానికి చక్కగా ఎక్కుతుంది. ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. వాషర్ వ్యాసం, డబ్బా ఎత్తు, బైపాస్ ఒత్తిడి వేరు కావచ్చు. "ఇది అన్నిటికీ పడుద్ది అన్నా" అని చేతిలో పెట్టే ఫిల్టర్ తీసుకోకండి. మీ కారు మోడల్, ఇంజన్, సంవత్సరం చెప్పి పార్టు నంబరుతో అడగండి.

ఇప్పుడు ఎంపిక సంగతి

కారు కంపెనీ పేరుతో వచ్చే ఒరిజినల్, అంటే మారుతి జెన్యూన్ పార్ట్స్, హ్యుందాయ్ వాళ్ల మోబిస్, టాటా జెన్యూన్ పార్ట్స్ లాంటివి. ఫిల్టర్లని సాధారణంగా కారు కంపెనీలు సొంతంగా తయారుచేయవు, సప్లయర్ల చేత చేయిస్తాయి. అయినా బైపాస్ ఒత్తిడి, వాల్వు, శుభ్రత అన్నీ ఆ ఇంజన్ డ్రాయింగ్ ప్రకారమే ఉంటాయి. చిన్న పెట్రోలు కారుకి ధర కూడా పెద్ద తేడా ఉండదు. మూడు లీటర్ల మంచి ఆయిల్‌కి పెట్టే డబ్బుతో పోలిస్తే ఫిల్టర్ ఖర్చు ఎంతో చిన్నది. వారంటీలో ఉన్న కారుకి ఇంకో ఆలోచనే వద్దు, ఇదే వేయించి బిల్లు దాచుకోండి. లోపం ఏమిటంటే, నకిలీలు ఎక్కువ వచ్చేది వీటికే.

పేరున్న ఫిల్టర్ కంపెనీలు: బాష్, మాహ్లె, మాన్, ప్యూరోలేటర్, ఫరీదాబాద్ వాళ్ల ఎలోఫిక్ లాంటివి. ప్యూరోలేటర్ పేరు 1923లో అమెరికాలో పుట్టింది, ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ కలిసి చేసిన కార్ ఆయిల్ ఫిల్టర్ నుంచి. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అనే ఇంగ్లిషు మాటలు కుదించి పెట్టిన పేరది. వారంటీ దాటిన కారుకి ఈ వర్గంలోంచి తీసుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఒక్కో మోడల్‌కి వీటిలో ఒకటి ఒరిజినల్ కంటే బాగుండొచ్చు కూడా. కానీ బ్రాండు పేరు చూసి కళ్లు మూసుకోవద్దు. ఒకే బ్రాండులో ఒక పార్టు నంబరు ఒక ఫ్యాక్టరీలో, ఇంకో నంబరు ఇంకో చోట తయారవుతుంది. నా అనుభవంలో ఒకే పేరు కింద కొన్న రెండు ఫిల్టర్లలో ఒకదాని థ్రెడ్ అద్దంలా ఉంటే, ఇంకోదానికి అంచున బర్రు ఉంది. కాబట్టి ఈ వర్గంలో ప్రతిసారీ చూసి కొనాలి. చూడనిస్తేనే కొనాలి.

పెట్టె లేకుండా, తయారీదారు పేరు, నెల, ఎంఆర్‌పీ లేకుండా అమ్మే లోకల్ ఫిల్టర్లు: హైదరాబాద్ పుత్లీబౌలిలో చూడండి, మా ఆటోనగర్‌లో చూడండి, తాడుకి గుత్తులుగా వేలాడుతుంటాయి. వీటి మీద నా మాట మారదు, వద్దు. ధరలో మిగిలేది వంద లోపే. పైగా ఇవి షాపు ముందు రోడ్డు దుమ్ములో నెలల తరబడి నోరు తెరుచుకుని ఉంటాయి. ఫ్యాక్టరీలో శుభ్రంగా తయారైనా ఆ దుమ్మంతా పెద్ద రంధ్రంలోనే పడుతుంది. పాత కారు కదా అని ఇదే వేస్తుంటారు. పాత ఇంజన్‌లో మెటల్స్ ముందే అరిగి ఉంటాయి, దానికి మంచి ఫిల్టర్ ఇంకా ఎక్కువ అవసరం.

చివరిది, సింథటిక్ కాగితం ఉన్న ఖరీదైన లాంగ్ లైఫ్ ఫిల్టర్లు. మామూలు ఫిల్టర్ కాగితం సెల్యులోజ్, రెసిన్‌లో ముంచి గట్టిపరిచింది. సింథటిక్‌లో గాజు పోగు లాంటి సన్నని నూలు, సన్నటి దుమ్ముని బాగా పడుతుంది, ఎక్కువ దుమ్ము దాచుకోగలదు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవారికి ఇవి సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతాయి, సింథటిక్ ఆయిల్‌తో దూరం లాగేవాళ్లకి సరైనవే. ఇక్కడ మాత్రం మన దుమ్ముకి, ట్రాఫిక్‌కి, కంపెనీ చెప్పిన కిలోమీటర్లు గానీ ఏడాది గానీ దాటి ఎవరూ పోకూడదు. అలాంటప్పుడు ఈ ఖర్చు చాలామందికి అక్కర్లేదు. అదే డబ్బుతో ఇంకో మంచి మామూలు ఫిల్టర్ కొని కొంచెం ముందే మార్చడం మేలు.

మా వీధిలో క్యాబ్ నడిపే తమ్ముడొకడు, "అన్నా, రెండు ఆయిళ్లకి ఒక ఫిల్టర్ చాలదా?" అని అడిగాడు. చాలదు. కొత్త ఆయిల్ పోసి పాత ఫిల్టర్ ఉంచితే, అందులో మిగిలిన మురికి ఆయిల్ మొదటి నిమిషంలోనే కొత్త దాంట్లో కలుస్తుంది. రోజుకి రెండొందల కిలోమీటర్లు తిరిగే కారుకి అయితే అసలు చాలదు. ఆ కారే ఆ ఇంటికి కూడు పెడుతుంది.

పెట్టె మీద మైక్రాన్లు

"20 మైక్రాన్ ఫిల్టర్" అని రాస్తే అది ఎంత శాతం పడుతుందో కూడా రాయాలి. లేకపోతే ఆ మాటకి అర్థం లేదు. ఐఎస్ఓ 4548-12 అనే పరీక్షలో దుమ్ము కలిపిన ఆయిల్‌ని ఫిల్టర్ గుండా మళ్లీ మళ్లీ తిప్పుతూ, ముందు ఎన్ని కణాలు, తర్వాత ఎన్ని కణాలు అని లెక్కిస్తారు. ముందున్న సంఖ్యని తర్వాతి సంఖ్యతో భాగిస్తే వచ్చేది బీటా. ముందు వంద, తర్వాత ఒకటి ఉంటే ఆ సైజు దగ్గర బీటా 100, అంటే 99 శాతం పట్టింది. ముందు వంద, తర్వాత యాభై ఉంటే బీటా 2, అంటే సగమే. రెండింటినీ "20 మైక్రాన్" అనే అమ్మొచ్చు. అందుకే శాతమో బీటానో రాయని మైక్రాన్ల అంకెకి నేను విలువ ఇవ్వను.

కార్ట్రిడ్జి ఫిల్టర్ అయితే

పాత స్విఫ్ట్, డిజైర్ డీజిళ్లలో ఉన్న 1.3 మల్టీజెట్ లాంటి ఇంజన్లకి డబ్బా ఉండదు, ప్లాస్టిక్ మూత విప్పి లోపలి కాగితం ఎలిమెంట్ ఒక్కటే మారుస్తాం. ఇక్కడ థ్రెడ్ బర్రు గొడవ లేదు, కానీ శుభ్రత బరువంతా బిగించేవాళ్ల చేతుల మీద పడుతుంది. ఎలిమెంట్ నగ్నంగా ఉంటుంది, నడిమి రంధ్రం తెరిచి ఉంటుంది. మురికి చేత్తో పట్టుకుంటే, దూదిపోగులు రాలే గుడ్డతో ఎలిమెంట్ కూర్చునే హౌసింగు తుడిస్తే ఆ పోగులన్నీ శుభ్రమైన వైపే. ఎంపికలో చూడాల్సింది రెండు కొసల మూతలు గట్టిగా అంటాయా, నడిమి రంధ్రం అంచు హౌసింగులోని కాండానికి బిగుతుగా పడుతుందా అన్నది. పెట్టెలో కొత్త ఓ-రింగు లేకపోతే ఆ ఫిల్టర్ కొనకండి. పాత రింగు గట్టిపడి ఉంటుంది, లీకు పెడుతుంది. ఈ రకానికి నేను ఒరిజినల్ గానీ, మాన్, మాహ్లె, బాష్ గానీ తప్ప వేరేది చెప్పను. టర్బో షాఫ్టు అంతా ఈ ఆయిల్ మీదే బతుకుతుంది.

నకిలీ అనిపించినప్పుడు

హోలోగ్రాం ఒక్కటే చూసి నమ్మకండి, దాన్నీ ముద్రిస్తున్నారు. నాకు ఎక్కువ ఉపయోగపడింది పాత ఒరిజినల్‌ని ఇంట్లో దాచి కొత్తదాంతో పక్కపక్కన పెట్టడం. అక్షరాల అచ్చు, చిన్న రంధ్రాల సంఖ్య, ప్లేటు అంచు మడత, వాల్వు రంగు, చేతిలో బరువు, ఇవన్నీ ఒకేలా ఉండాలి. నకిలీ చేసేవాళ్లు డబ్బా బయట బాగా అనుకరిస్తారు, ప్లేటు లోపలి పని అనుకరించరు. అక్కడ ఖర్చవుతుంది. ఒక సందేహం వచ్చినా షోరూం పార్ట్స్ కౌంటర్‌లో బిల్లుతో తీసుకోండి.

బిగించేటప్పుడు

శుభ్రమైన ఫిల్టర్ తెచ్చి మురికిగా బిగిస్తే పడ్డ కష్టమంతా పోతుంది. చివరి నిమిషం దాకా కవరు విప్పకండి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని వాషర్ దాంతోనే వచ్చిందో లేదో చూడండి. అది ఇంజన్‌కే అంటుకుని ఉండగా కొత్తది బిగిస్తే రెండు వాషర్లు అయి, రోడ్డు మీద ఒక్కసారిగా ఆయిల్ అంతా కారిపోతుంది. ఇంజన్ వైపు ముఖం పోగులు రాలని గుడ్డతో తుడిచి, కొత్త వాషర్‌కి వేలితో కొత్త ఆయిల్ రాయండి. వాషర్ తగిలాక ఎంత తిప్పాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, చాలావాటికి ముప్పావు చుట్టు. చేత్తోనే బిగించండి, పట్టీ పానా తీసేటప్పుడు మాత్రమే.

చాలామంది మిస్త్రీలు ఫిల్టర్‌ని ముందే ఆయిల్‌తో నింపి బిగిస్తారు. ఉద్దేశం మంచిదే, మొదటి స్టార్టుకి ఆలస్యం లేకుండా ఆయిల్ అందాలని. కానీ పెద్ద రంధ్రంలోంచి పోస్తే, క్యాన్ మూతి దుమ్ము, గరాటులోని ఇసుక వడకట్టకుండా శుభ్రమైన వైపు చేరతాయి. మా షాపు పక్క బాబాయ్ ఒకాయనకి ఇదే చెప్పాను. "నలభై ఏళ్లుగా పోస్తున్నా, ఏమైంది?" అన్నారు. గరాటు తీసుకుని తెల్ల కాగితం మీద దులిపి చూపించాను. ఆ రోజు నుంచి చిన్న రంధ్రాల్లోంచి కొద్దికొద్దిగా పోస్తున్నారు. అంత ఓపిక లేకపోతే అసలు నింపకుండా బిగించినా రోజువారీ కార్లకి ఇబ్బంది లేదు.

బిగించాక స్టార్ట్ చేసి, రేసు చేయకుండా అర నిమిషం వదలండి. ఆయిల్ లైటు ఆరిందని, ఫిల్టర్ చుట్టూ తడి లేదని చూసి ఆపండి. ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తే కొంచెం తగ్గి ఉంటుంది, ఫిల్టర్ తాగినంత మళ్లీ పోయండి.

తీసిన పాత ఫిల్టర్ని పారేయకముందు, కట్టర్ ఉంటే ఒకసారి కోసి కాగితం మడతలు తెల్ల పళ్లెంలో విప్పి ఎండలో చూడండి. నల్లటి జిగురు మామూలే. మెరిసే పొలుసులు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా మెరుస్తుంటే బేరింగ్ మెటల్ గానీ అల్యూమినియం గానీ. కొత్త ఇంజన్ మొదటి ఫిల్టర్‌లో కొద్దిగా ఉండటం సహజం. లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజన్‌లో కనిపిస్తే మాత్రం, ఫిల్టర్ ఎంపిక సంగతి తర్వాత, ముందు మెకానిక్ చేత ఆయిల్ ప్రెషర్ గేజి పెట్టించి చూడండి.